వెండి పెట్టె చేసిన చేతుల మాట కూడా చెప్పండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. నేను జనగామ పక్కన పెంబర్తిలో ఇత్తడి రేకు పని చేసుకుని బతికేవాణ్ణి. నాకు 61 ఏళ్లు. పదమూడో ఏట మా బాపు పక్కన కూర్చుని సుత్తి పట్టాను. గుడి తలుపులకు తొడుగులు, ఉత్సవాల వాహనాలకు కవచాలు, మకర తోరణాలు, ధ్వజస్తంభం రేకులు ఇవే నా పని. పత్రికకు ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదటిసారి. తప్పులుంటే దిద్ది వేసుకోండి.

గత నెల ఒక ఆదివారం మీ పత్రికలో గోవా ప్రయాణం మీద వ్యాసం వచ్చింది. సముద్రం, హోటళ్లు, చేపల కూర గురించి బాగా రాశారు. చివర పాత గోవా చర్చిల మీద నాలుగు లైన్లున్నాయి. అందులో బోమ్ జీసస్ బాసిలికా గురించి 'పోర్చుగీసువారు కట్టిన అద్భుతం' అని ఉంది. ఆ ఒక్క మాట దగ్గర నేను ఆగిపోయాను. ఈ జనవరిలో నేను అక్కడికి పోయి వచ్చాను. అక్కడున్న ఒక వస్తువును పోర్చుగీసువారు చేయలేదు. నాలాంటివాళ్లు చేశారు. దాని గురించి చెప్పాలనే ఈ ఉత్తరం.

నేను క్రైస్తవుణ్ణి కాను. కాజీపేట ఫాతిమానగర్‌లో నాకొక దోస్తు ఉన్నాడు. రైల్వేలో చేసి రిటైర్ అయ్యాడు, కథోలికుడు. వాళ్ల విచారణ, అంటే వాళ్ల చర్చి పరిధి, నుంచి పద్నాలుగు మంది గోవాకు యాత్ర పోతుంటే నన్నూ రమ్మన్నాడు. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకు ప్రతి ఏడూ పిలుస్తాడు, ఏదో ఒక పని అడ్డం వచ్చి నేను పోలేదు. ఈసారి మాత్రం వదల్లేదు. "అన్నా, అక్కడ శౌరివారి వెండి పెట్టె ఉన్నది. దాన్ని నాకు నువ్వే చూపించాలె. మాకు కండ్లున్నా కనపడదు" అన్నాడు. ఆ మాటకు నేను ఒప్పుకున్నాను.

శౌరివారంటే పునీత ఫ్రాన్సిస్ జేవియర్. మన దగ్గర కథోలిక ఇళ్లలో శౌరయ్య, శౌరమ్మ అనే పేర్లు వింటుంటాం కదా, అవి ఆయన పేరు మీద పెట్టుకున్నవే. నాకు ఇన్నేళ్లుగా తెలిసిన పేర్లు, ఎక్కడి నుంచి వచ్చాయో రైల్లో తెలిసింది. సికింద్రాబాద్‌లో గోవాకు పోయే వాస్కో రైలెక్కాక మా దోస్తు ఆయన కథంతా చెప్పాడు. 1506లో ఇప్పటి స్పెయిన్ దేశంలోని నవార్‌లో జేవియర్ కోటలో పుట్టాడు. 1542 మేలో గోవాలో దిగాడు. చేతిలో గంట పట్టుకుని వీధుల్లో మోగించుకుంటూ పిల్లల్ని పోగు చేసి ప్రార్థనలు నేర్పేవాడట. జపాన్ దాకా పోయాడు. 1552 డిసెంబర్ 3న చైనా ఒడ్డున ఒక దీవిలో జ్వరంతో పోయాడు. అక్కడ పాతిపెట్టిన దేహాన్ని తీసి మలక్కాకు, అక్కడి నుంచి 1554లో గోవాకు తెచ్చారు. ఆ దేహం ఇప్పటికీ ఆ వెండి పెట్టెలోనే ఉంది. పదేళ్లకోసారి కిందికి దించి జనానికి చూపిస్తారు.

పాత గోవాలో మాకు గైడుగా ఒక కుర్రవాడు దొరికాడు. పాతికేళ్లుంటాయి. హిందీ చక్కగా మాట్లాడాడు. ఓపిక చాలా ఉంది. మా గుంపులో మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మల కోసం ప్రతి మెట్టు దగ్గరా ఆగాడు. అతని మీద నాకు ఫిర్యాదు లేదని ముందే చెప్తున్నాను.

బయటి గోడ దగ్గర నిలబెట్టి మొదలుపెట్టాడు. 1594లో పని మొదలై 1605లో ప్రతిష్ఠ జరిగిందని, ఎర్రటి లాటరైట్ రాయి మీద ఒకప్పుడు సున్నం పూత ఉండేదని, గత శతాబ్దంలో ఆ పూత తీసేశారని, అప్పటినుంచి వానలకు రాయి కరుగుతోందని చెప్పాడు. నేను గోడకు చెయ్యి ఆనించాను. వేలికి ఎర్ర పొడి అంటింది. మన వరంగల్ కోటలో నల్లరాతి తోరణాలు చూసి పెరిగిన చేతికి అది మెత్తగా తగిలింది. ఆ రాయి తడవకుండా ఏదో ఒకటి చేయాలి. నాకు అంతకంటే తెలియదు గాని మనసుకు బాధ అనిపించింది.

లోపల బంగారు పూత పెట్టిన పెద్ద పీఠం ఉంది. కింద బాల యేసు, పైన జెస్యూట్ ఫాదర్ల సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా విగ్రహం, నిలువెత్తుకు మించి. ఒక పక్కన చెక్కతో చేసిన ప్రసంగ వేదిక. దాని చుట్టూ యేసు, సువార్తలు రాసిన నలుగురు, పాతకాలపు చర్చి పండితులు నలుగురు. అడుగున వంగిన బొమ్మలు దాన్ని మోస్తున్నట్టుంటాయి. మన రథాల అడుగున భారం మోసే బొమ్మలు ఉంటాయి చూడండి, అచ్చం ఆ నడుములే, ఆ భుజాలే. గైడు అక్కడ ఒక నిమిషం కూడా ఆగలేదు.

సమాధి దగ్గరికి వచ్చేసరికి అతని గొంతు మారింది. అది చాలాసార్లు చెప్పిన కథ అని తెలుస్తోంది. పాలరాతి మంటపాన్ని ఇటలీలో టస్కనీని ఏలిన ప్రభువు కోసిమో డి మెడిచి, మూడవవాడు, ఇచ్చాడట. శౌరివారి తల కింద ఉన్న దిండును ఆయనకు ఇచ్చారట, దానికి బదులుగా ఈ మంటపం. ఫ్లోరెన్స్ శిల్పి ఫొజ్జీనీ పదేళ్లు చెక్కించాడు. 1698లో ముక్కలు ముక్కలుగా ఓడలో తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. శిల్పి పేరు మూడుసార్లు పలికాడు, మా చేత కూడా పలికించాడు. తర్వాత ఒక భక్తురాలు ఆ దేహం కాలి వేలు కొరికిన కథ వచ్చింది. అందరూ అయ్యో అన్నారు. ఫోన్లు పైకి లేచాయి.

ఆ పాలరాతి మీద, మనిషి ఎత్తుకు చాలా పైన, వెండి పెట్టె ఉంది. "ఇది 1637 నాటిది. గోవా కంసాలులు చేశారు. ముప్పై రెండు పలకల మీద సెయింట్ జీవితం ఉంది. పదండి." అంతే.

నేను కదల్లేదు.

మెడ నొప్పెట్టేదాకా చూశాను. ఫోన్‌లో దగ్గరికి లాగి చూశాను. మా పనే అది. రేకును వెనక నుంచి కొట్టి ముందుకు ఉబ్బించడం, ముందు నుంచి చిన్న ఉలులతో ముక్కూ కన్నూ తీర్చడం. వెండి మెత్తన, ఇత్తడి బిరుసు, అంతే తేడా. అర చెయ్యి వెడల్పు జాగాలో మనుషుల్ని, ఓడల్ని, అలల్ని నిలబెట్టాలంటే ముందున్న మొహాన్ని ఎక్కువ లేపాలి, వెనక ఉన్నదాన్ని గీతతో సరిపెట్టాలి. ఎక్కడ ఆగాలో తెలియాలి. ఒక్క దెబ్బ ఎక్కువైతే రేకు చిట్లుతుంది. చిట్లిన మొహానికి అతుకు వేయలేం, మళ్లీ మొదటికే. ముప్పై రెండు పలకల మీద అలా చేసినవాళ్లు అక్కడ ఉన్నారు. నాకైతే నాలుగు వందల ఏళ్ల కిందటి మా పెద్ద బాపు పని ముందు నిలబడ్డట్టనిపించింది.

ఆ పలకల్లో ఒకటి పీత కథ. సముద్రంలో తుఫాను వచ్చినప్పుడు శౌరివారి చేతిలోని సిలువ నీళ్లలో పడిపోతే, తర్వాత ఒడ్డున ఒక పీత దాన్ని రెండు డెక్కల మధ్య పట్టుకుని తెచ్చి ఇచ్చిందట. ఇది జరిగిందని చెప్పే దీవులు ఇప్పటి ఇండోనేషియాలో ఉన్నాయి. ఆ కథ చెప్పింది యూరప్ నుంచి వచ్చిన ఫాదర్లు. కానీ పీత ఎలా నడుస్తుందో, డెక్క ఎలా మడుస్తుందో గోవా కంసాలికి ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున్నే మార్కెట్లో చూసే పీతే కదా. ఈ సంగతి ఆ కుర్రవాడు ఒక్క మాట చెప్తే, వేలు కొరికిన కథ కంటే జనం దాన్నే ఎక్కువ రోజులు గుర్తు పెట్టుకునేవాళ్లు అని నా నమ్మకం.

బయట చెట్టు కింద కూర్చున్నప్పుడు అడిగాను. "బాబూ, ఆ ఇటలీ ఆయన పేరు మూడుసార్లు చెప్పావు. పెట్టె చేసినవాళ్ల గురించి ఇంకేమైనా చెప్పు." అతను కొంచెం సేపు ఆలోచించి, "అంకుల్, ఇప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు" అన్నాడు. నిజాయితీగా చెప్పాడు. ఇంకో మాట కూడా అడిగాను. మంటపం కింది భాగంలో నాలుగు కంచు పలకలున్నాయి, అవీ శౌరివారి కథలే. వాటినీ వెండి పెట్టెనూ కలిపి 'లోహపు చెక్కడాలు' అన్నాడు. ఆ రెండూ వేరు వేరు. కంచుది పోత పని. మైనంతో బొమ్మ చేసి, దానికి అచ్చు కట్టి, కరిగిన లోహం పోస్తారు. వెండిది రేకు పని, చల్లని లోహాన్ని సుత్తితో ఒప్పించడం. ఒకటి నిప్పు చేసే పని, ఇంకొకటి చెయ్యి చేసే పని.

"ఎట్లా అంకుల్?" అన్నాడు.

మా గుంపులో ఒక అమ్మ చపాతీలు ఫాయిల్ కాగితంలో చుట్టుకుని తెచ్చింది. ఆ కాగితం అడిగి తీసుకున్నాను. నా తువ్వాలు నాలుగు మడతలు వేసి దాని మీద పరిచాను. పెన్ను వెనక భాగంతో తామర పువ్వు నొక్కడం మొదలుపెట్టాను. మొదటిది చిరిగింది. అదీ మంచిదే అయింది, ఎందుకు చిరిగిందో చెప్పే వీలు దొరికింది. మా దుకాణంలో తువ్వాలు జాగాలో లక్క, గుగ్గిలం, ఇటుక పొడి, కొంచెం నూనె కలిపి కాచిన ముద్ద ఉంటుంది. అది రేకును గట్టిగా పట్టుకుంటుంది, దెబ్బ పడ్డచోట మాత్రం లొంగుతుంది. కొట్టిన కొద్దీ లోహం బిగుసుకుపోతుంది. మళ్లీ ఎర్రగా కాల్చి చల్లారిస్తేనే మాట వింటుంది. ఒక్క పలక కోసం ఎన్నిసార్లు కాల్చాలో లెక్క ఉండదు. రెండోసారి మెల్లగా నొక్కాను. తిప్పి చూపిస్తే పువ్వు పైకి లేచి ఉంది.

చుట్టూ జనం చేరారు. మా వాళ్లే కాదు, ఎక్కడివాళ్లో తెలియదు, ఇంకో పదిమంది. గైడు ఆ ఫాయిల్ ముక్కను చేతిలోకి తీసుకుని మళ్లీ చేయమని ఫోన్‌లో వీడియో తీశాడు. తర్వాత మా గుంపును తిరిగి లోపలికి తీసుకుపోయాడు. ఈసారి ఎవరూ ఫోన్ ఎత్తలేదు. అందరూ మెడలెత్తి ఆ వెండి పెట్టెనే చూస్తూ నిలబడ్డారు. మా దోస్తు నా చెయ్యి పట్టుకుని "ఇప్పుడు కనపడ్డదన్నా" అన్నాడు. ఆ మాట కోసమే నేను అంత దూరం పోయానేమో.

మధ్యాహ్నం సాంతా మోనికా మఠంలో ఉన్న క్రైస్తవ కళా మ్యూజియంకి పోయాం. అక్కడ వెండితో చేసి బంగారు పూత వేసిన ఒక పక్షి ఉంది. పెలికాన్ అంటారు. తన రొమ్ము పొడుచుకుని పిల్లలకు రక్తం తాగించే పక్షి అని కథోలికుల నమ్మకం, యేసుకు గుర్తు. దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో యేసు శరీరంగా భావించే అప్పం, పెట్టడానికి చేశారు. దాని ముందు నిలబడితే నాకు మేం చేసే హంస వాహనమే గుర్తొచ్చింది. ఈకలను వరసలుగా పేర్చడంలో ఒక పద్ధతి ఉంటుంది, పై ఈక కొస కింది రెండు ఈకల మధ్యకు రావాలి. మా బాపు నాకు మొదట నేర్పింది అదే.

అక్కడే మా దోస్తు ఒక సంగతి చెప్పాడు, ఆయన ముందే చదివి వచ్చాడు. పదహారో శతాబ్దంలో గోవా ఏలికలు, చర్చి పెద్దలు హిందూ కంసాలులు, చిత్రకారులు క్రైస్తవ బొమ్మలు, పూజా వస్తువులు చేయకూడదని ఆజ్ఞలు పెట్టారట. అవే ఆజ్ఞలు మళ్లీ మళ్లీ వేయాల్సి వచ్చిందంటే అర్థం ఏమిటి? పని ఆగలేదు. ఆపలేకపోయారు. చెయ్యి తెలిసినవాడి దగ్గరికే వెండి వచ్చింది. గోవాలో కంసాలులను దైవజ్ఞులు అంటారు. దేవుణ్ణి తెలిసినవాళ్లు అని. ఎవరి దేవుడు అని ఆ పేరులో లేదు. నాకు ఆ మాట చాలా నచ్చింది.

సంపాదకుడు గారూ, ఇదంతా గోవా మీద ఫిర్యాదు అనుకోకండి. మన ఇంటి సంగతి ఇంతకంటే బాగా లేదు.

తిరిగి వచ్చాక ఒక పని మీద మా వైపు ఒక పల్లెలోని కథోలిక గుడికి పోయాను. ఊరి పేరు రాయను. ఆ గుడిలో పీఠం ముందు భాగానికి ఇత్తడి తొడుగు ఉంది. ద్రాక్ష తీగలు, గోధుమ వెన్నులు, నడుమ గొర్రెపిల్ల. అది మా బాపు చేశారు. నేను అప్పుడు కొత్తగా పనిలో ఉన్నాను, గోధుమ గింజల్లో సగం నావే. మా బాపు గోధుమ పంట ఎన్నడూ చూడలేదు, ఒక వెన్ను తెప్పించమని ఫాదర్ గారిని అడిగితే ఆయన ఎక్కడినుంచో తెప్పించారు. ఆ రోజు గుడికి వచ్చిన ఒక కుటుంబం ఆ తొడుగు గురించి అడిగితే, అక్కడ చూసుకునే ఆయన "పాతది, మద్రాసు నుంచి వచ్చింది" అని చెప్పాడు. ఆయన తెలిసి అబద్ధం చెప్పలేదు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. రేకు వెనక మా బాపు గుర్తు ఉంది, చిన్న నెమలి కన్ను. ప్రతి పనికీ వెనక వేసేవారు. చెక్కకు మేకులు కొట్టాక దాన్ని ఎవరు చూస్తారు? మేకులు పీకి చూపించమని నేను అడగను. పీకితే రేకు పాడవుతుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గోవాలో ఆ కుర్రవాణ్ణి అడిగిన ప్రశ్నే నన్ను నేను అడుక్కున్నాను. మా బాపు పేరు నేనైనా ఎక్కడైనా చెప్పానా?

మన దగ్గరే పాలంపేటలో గుడి ఉంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో జాబితాలో చేరింది. ఆ గుడిని జనం కట్టించినవాడి పేరుతో పిలవరు, రామప్ప అనే శిల్పి పేరుతో పిలుస్తారు. మన గైడులు ఆ మాట ఎంత సంతోషంగా చెప్తారో నేను విన్నాను. నీళ్లలో తేలే ఇటుకల గురించి, ఇసుక పోసిన పునాది గురించి కూడా బాగా చెప్తారు. అలా చెప్పడం మనకు తెలియని విద్య కాదు. కానీ అదే గైడు వేరే గుడిలో ఇత్తడి తలుపు దగ్గరికి వస్తే 'చాలా పాతది' అని దాటిపోతాడు. ఉత్సవ వాహనం ముందు ఆగడు. చర్చి పీఠం సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. కరీంనగర్ వెండి తీగ పనివాళ్లదీ, చేర్యాలలో బొమ్మలు గీసే నకాషీవాళ్లదీ ఇదే పరిస్థితి.

మీ పత్రిక ద్వారా నేను అడిగేది ఇది. పర్యాటక శాఖవాళ్లు గైడులకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఒక్క రోజు పనిముట్ల దగ్గర కూర్చోబెట్టండి. రాజు పేరు, సంవత్సరం ఎలాగూ నేర్పుతారు. రేకు పనికీ పోత పనికీ తేడా, రాతిని నున్న చేసే పద్ధతి, చెక్క అతుకు కూడా నేర్పండి. గుళ్ల కమిటీలు, విచారణ గురువులు, మసీదు పెద్దలు, మీ దగ్గరున్న వస్తువు ఎవరు చేశారో తెలిసినవాళ్లు బతికి ఉన్నప్పుడే అడిగి ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. పేరు తెలియకపోతే ఊరు రాయండి. ఊరూ తెలియకపోతే పని ఎలా చేశారో రాయండి. తెలుగులో రాయండి, అక్కడికి వచ్చే పల్లె జనం చదువుకునేలా. గోవా, గుణదల, వేలాంకణి పోయే మన యాత్రికులకు కూడా ఒక మాట. గైడును కథ ఒక్కటే అడగకండి, ఎవరు చేశారని అడగండి. అడిగేవాళ్లు ఉంటే అతనే పోయి తెలుసుకుని వస్తాడు. గోవాలో అది నేను కళ్లారా చూశాను.

మా అబ్బాయి హైదరాబాద్‌లో వేరే పని చేసుకుంటున్నాడు. వాడికి ఈ పని రాదు. నేను బలవంతం పెట్టలేదు, ఇందులో వచ్చేదెంతో నాకు తెలుసు. కాబట్టి ఈ చేతుల్లో ఉన్నది ఎవరికైనా చూపించాలంటే ఇప్పుడే చూపించాలి.

ఆ పల్లె ఫాదర్ గారితో మాట్లాడాను. పండుగకు వచ్చే జనానికి పీఠం దగ్గర నిలబడి పావుగంట చెప్పమన్నారు. ఒప్పుకున్నాను. చిన్న లక్క పలక, రెండు ఉలులు, ఒక రేకు ముక్క తీసుకుపోతాను. పిల్లలు వస్తే ఒక్కొక్కరి చేత ఒక్కొక్క గోధుమ గింజ కొట్టిస్తాను.

మన జిల్లాల్లో గైడుగా పని చేస్తున్నవాళ్లు ఎవరైనా సరే పెంబర్తికి రావచ్చు. హైదరాబాద్ రోడ్డు మీద దిగి ఇత్తడి పనివాళ్ల ఇళ్లు ఎక్కడని అడిగితే చిన్న పిల్లవాడైనా చూపిస్తాడు. పొద్దున పది లోపల రండి, ఆ తర్వాత కొలిమి వేడికి కూర్చోలేరు. డబ్బులేమీ వద్దు. పాత బట్టలు వేసుకుని రండి, లక్క అంటితే పోదు.

ఇట్లు,
ఒక ఇత్తడి పనివాడు,
పెంబర్తి, జనగామ జిల్లా